వ్యవసాయ విద్య – చంద్రపుర సీమలోని తెలుగువారు

చంద్రపురములో గాని, బల్లార్‌పురములో గాని, నది కావలనున్న తెలంగాణములో గాని సన్నబియ్యము కొనువారిలో 'హెచ్.ఎం.టి.' అను పేరు ఎరుగనివారు అరుదు. పెండ్లివిందునకును పండుగనాటి పులిహోరకును ఆ బియ్యమే కావలెనని పట్టుబట్టు గృహిణులు మన కుటుంబములలో ఎందరో యున్నారు. అది చేతిగడియారముల పేరు గదా, బియ్యమునకు ఎట్లు వచ్చినదని ఆలోచించినవారు మాత్రము తక్కువ. ఆ వంగడము పుట్టినది దూరదేశమున కాదు, మన చంద్రపుర జిల్లాలోనే. దానిని కనిపెట్టిన రైతు కళాశాల మెట్లు ఎక్కినవాడు కాడు. అయినను అది నలుదెసలకు ప్రాకుటలో ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయమునకును పాలు గలదు. పొలమునకును కళాశాలకును గల ఈ సంబంధము ఎట్లు ఏర్పడినది, ఆ చదువు చదివినవారికి ఏ వృత్తులు లభించును, మన పిల్లలకు అందు ఎట్టి స్థానము గలదు అను సంగతులను మాకు తెలిసినంతవరకు ఇందు మనవి చేయుచున్నాము.

మన పూర్వులు

ఈ సీమలో తెలుగువారు బొగ్గుగనులతో వచ్చినవారని పలువురు తలచుచున్నారు. అది సగము నిజము మాత్రమే. ప్రాణహిత గోదావరిలో కలియుచోట నున్న సిరోంచ ప్రాంతము తరతరములుగా తెలుగు మాటాడు సీమ. 1860లో అది నిజాము నుండి ఆంగ్లేయుల చేతికి వచ్చి, ఎగువ గోదావరి జిల్లా అను పేర కొంతకాలము వేరుగా నుండి, 1874లో చాందా జిల్లాలో చేరినది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడగా అందులోనికి పోయినది. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోని భాగము. చాందా ప్రాంతమున కాపేవార్, మున్నూర్‌వార్ అని పిలువబడిన వారు మన కాపులే, మున్నూరు కాపులే. మరాఠీ నోట పలుకు ఆ 'వార్' అనునది మన 'వారు' అను గౌరవపదమే. ఇంటిపేరు చివర దానిని నిలుపుకొని, ఇంట తెలుగు మరచిన కుటుంబములు ఈ నగరములో నేటికిని గలవు.

ఈ పూర్వులలో పలువురు నాగలి పట్టినవారే. జిల్లా తూర్పు భాగమున బ్రహ్మపురి, నాగ్‌భీడ్, సిందేవాహి, మూల్ తాలూకాలలో చెరువుల క్రింద వరియు, పడమట వరోరా, రాజురా వైపు నల్లరేగడిలో పత్తి, జొన్న, కందులును ప్రధానముగా పండెడివి. నేడు అచ్చట సోయాచిక్కుడు కూడ విస్తారము. చెరువు త్రవ్వించినవానికి దాని క్రింద పారు భూమిని ఇచ్చుట గోండు రాజుల నాటి ఆచారమని ప్రతీతి. అట్టి చెరువులే తరువాత 'మాల్‌గుజారీ తలావులు' అను పేర ప్రసిద్ధికెక్కినవి.

పిమ్మట కాలము మారినది. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియై మద్రాసునకును ఢిల్లీకిని నేరుగా బండి నడచెను. గనులు విస్తరించినవి. 1945లో బల్లార్‌పురమున కాగితపు మిల్లు వెలసినది. కరీంనగరము, ఆదిలాబాదు, వరంగల్లు ప్రాంతముల నుండి సేద్యము చాలక బయలుదేరిన కుటుంబములు ఈ పనులలో కుదురుకొన్నవి. వారి సంతతివారమైన మావంటివారము గుమాస్తాలమును, ఉపాధ్యాయులమును, రైల్వే ఉద్యోగులమును అయితిమి. నెల తిరుగగానే జీతము చేతికివచ్చు కొలువే కొలువని మా తరము నమ్మినది. వానకై ఆకాశము చూచి దిగులుపడిన తండ్రులకు పుట్టిన బిడ్డలు అట్లు తలచుటలో వింత లేదు. కాని ఆ తలపువలన సేద్యము అనునది చదువు రానివారి పని యను భావము మన యిండ్లలో పాతుకొన్నది. దానిని సరిదిద్దుకొనుటకు వ్యవసాయ విద్యాచరిత్ర మనకు తోడ్పడగలదు.

కళాశాలల పుట్టుక

మన దేశమున వ్యవసాయ విద్యకు తొలి ప్రేరణ కరవులవలన కలిగినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును పీడించిన మహాక్షామము పిదప ఏర్పడిన క్షామ సంఘము 1880లో నివేదిక నిచ్చుచు ప్రతి రాష్ట్రమునకును వ్యవసాయ శాఖ యుండవలెనని సూచించినది. 1889లో వోల్కర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఇంగ్లండునుండి వచ్చి దేశమంతయు తిరిగెను. భారతీయ రైతు మూఢుడని చెప్పుదురని తలచినవారికి ఆయన మాట ఆశ్చర్యము గొల్పినది. ఇచ్చటి రైతు సామాన్యముగా ఆంగ్ల రైతునకు తీసిపోడనియు, కొన్ని విషయములలో మిన్నయే యనియు, లోపించినది తెలివి గాక సౌకర్యములే యనియు ఆయన అభిప్రాయపడెను. 1893లో ప్రచురింపబడిన ఆ గ్రంథము నేటికిని శాస్త్రజ్ఞులు చదువదగినదే.

1905లో బీహారులోని పూసాయందు వ్యవసాయ పరిశోధనాలయము వెలసినది. 1934 నాటి భూకంపములో ఆ భవనము దెబ్బతినగా 1936లో సంస్థను ఢిల్లీకి మార్చిరి. ఢిల్లీలో నేటికిని దానిని 'పూసా' అనియే పిలుచుచున్నారు. ఆ కాలమునందే రాష్ట్రములలో కళాశాలలు మొలకెత్తినవి. మన మధ్యపరగణాలకు చెందిన నాగపురము వ్యవసాయ కళాశాల 1906లో ఏర్పడినది. మద్రాసు వైపు సైదాపేటలోని పాఠశాల ఆ సంవత్సరముననే కోయంబత్తూరునకు తరలినది. కనుక కోస్తా తెలుగు విద్యార్థి సేద్యశాస్త్రము నేర్వవలెనన్న చిరకాలము కోయంబత్తూరునకు పోవలసి వచ్చెను. 1945లో బాపట్లలోను, 1946లో హైదరాబాదులోను కళాశాలలు వెలసిన పిదపనే తెలుగు నేలమీద ఆ చదువు సుకరమైనది.

ఈ తొలి కళాశాలలు ముఖ్యముగా ప్రభుత్వ శాఖలకు ఉద్యోగులను తయారుచేసినవి. పాఠము ఒకచోట, పరిశోధన వేరొకచోట, రైతు మరియొకచోట నుండిరి. ఈ లోపమును 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు అధ్యక్షులైన మన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులును వారి సహచరులును గుర్తించి, గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని చెప్పిరి. బోధన, పరిశోధన, విస్తరణ అను మూడును ఒకే గొడుగు క్రింద నుండవలెనను ఆశయముతో 1960లో పంత్‌నగరమున మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయము ప్రారంభమైనది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము రాజేంద్రనగరమున ఏర్పడినది. అదియే తరువాత ఆచార్య రంగా గారి పేరు ధరించినది. 2014లో రాష్ట్రము రెండైన పిదప గుంటూరు లాంలో రంగా విశ్వవిద్యాలయమును, రాజేంద్రనగరమున ఆచార్య జయశంకర్ విశ్వవిద్యాలయమును వేర్వేరుగా నడచుచున్నవి.

విదర్భలో ఈ కార్యమునకు మూలపురుషుడు డాక్టరు పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ గారు. అమరావతి జిల్లా పాపళ గ్రామమున రైతుకుటుంబములో 1898లో జన్మించి, శివాజీ విద్యాసంస్థను నెలకొల్పి, 1952 నుండి పది సంవత్సరములు కేంద్ర వ్యవసాయ మంత్రిగా పనిచేసిరి. 1965లో వారు దివంగతులైరి. విదర్భకు ప్రత్యేక వ్యవసాయ విశ్వవిద్యాలయము కావలెనని 1967లో ప్రజలు ఉద్యమించిరి. 1969 అక్టోబరు 20వ తేదీన అకోలాలో ఆ విద్యాపీఠము వెలసి పంజాబ్‌రావు గారి పేరునే ధరించినది. నాగపురపు పాత కళాశాలయు దానిలో భాగమైనది. మన జిల్లాలో సిందేవాహియందు దాని పరిశోధనా కేంద్రము గలదు. వరి పండు తూర్పు విదర్భ యంతటికిని అదియే ముఖ్యస్థానము.

దాదాజీ వరి

సిందేవాహికి సమీపమున నాగ్‌భీడ్ తాలూకాలో నాందేడ్ అను చిన్న గ్రామము గలదు. ఇది మరాఠ్వాడాలోని నాందేడ్ నగరము కాదు. ఆ గ్రామమున శ్రీ దాదాజీ రామాజీ ఖోబ్రగడే అను చిన్న రైతు నివసించెను. ఆయన చదువు మూడవ తరగతితో ముగిసినది. ఉన్న భూమి ఒకటిన్నర ఎకరము. 1983లో 'పటేల్–3' అను వరి వేసిన చేలో మూడు వెన్నులు మాత్రము పసుపు రంగు గింజలతో వేరుగా నుండుట ఆయన కంటబడెను. పలువురు రైతులు అట్టి వెన్నులను కోతలో కలిపివేయుదురు. దాదాజీ వానిని వేరుచేసి, ఎండబెట్టి, భద్రపరచి, మరుసటి యేడు కొద్ది జాగాలో విత్తెను. పంట వెంట పంట ఏరి ఏరి విత్తి, గింజ సన్నమై, వంట రుచియై, దిగుబడి హెచ్చుగా నున్నట్లు నిశ్చయించుకొనెను. ఇరుగుపొరుగు రైతులు ఆ విత్తనము కొనిరి. ఆ కాలమున హెచ్.ఎం.టి. గడియారము జనులకు మిక్కిలి ఇష్టమైనది గావున ఆ బియ్యమునకును అదే పేరు నిలిచినది.

1994లో విద్యాపీఠము వారు ఆ విత్తనమును గైకొని, శుద్ధిచేసి, 1998లో 'పి.కె.వి. హెచ్.ఎం.టి.' అను పేర విడుదల చేసిరి. విత్తనము ఊరూర వ్యాపించినది. కాని తన పరిశ్రమకు రావలసిన గుర్తింపు రాలేదని దాదాజీ బాధపడెను. తాము శాస్త్రీయముగా శుద్ధిచేసి మెరుగుపరచితిమని విద్యాపీఠము వారు చెప్పిరి. పిమ్మట 2005లో జాతీయ నవకల్పనా సంస్థవారి పురస్కారమును రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారి చేతిమీదుగా దాదాజీ అందుకొనెను. 2010లో ఫోర్బ్స్ పత్రిక ఆయనను పేర్కొన్నది. ఆయన మరికొన్ని వంగడములను కూడ వృద్ధిచేసి 2018 జూన్ 3వ తేదీన మరణించెను.

ఈ చరిత్రను చదివి కొందరు "కళాశాల యెందులకు, కన్ను చాలును గదా" అందురు. మరికొందరు "పరీక్షింపని విత్తనమునకు విలువ యేమి" అందురు. మేము జీవితమంతయు దస్త్రములతో గడిపినవారము. మాకు ఇందు వేరొక సంగతి కనబడుచున్నది. ఏ సంవత్సరము ఏ చేలో ఏ వెన్ను తీసినది, పక్కన ఏ రకము వేసి పోల్చినది, ఎంత పండినది, విత్తనము ఎవరికి ఎన్నడు ఇచ్చినది – ఈ వివరములు తేదీతోను సంతకముతోను వ్రాసియుండిన యెడల వాదమునకు తావు మిగులదు. పొలములో కన్ను ఉండెను, కార్యాలయమున చిట్టా ఉండెను. ఆ రెండింటి నడుమ నడువగల మనిషి ఆ ఊర లేకపోయెను. కాగితముపై పేరు లేనివాని పని యెంత గొప్పదైనను లోకమునకు కనబడుట ఆలస్యమగును. 2001లో వచ్చిన వంగడముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము రైతును కూడ వంగడము సృష్టించిన వానిగా గుర్తించుచున్నది. కాని ఆ హక్కు పొందుటకు దరఖాస్తు కావలెను, వివరములు కావలెను. వానిని సమకూర్చిపెట్టగల చదువరి రైతు పక్కన నిలిచిననే చట్టము పండును.

కళాశాలలు పరిశోధించి తెచ్చిన ఫలితములను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. మారుటేరులో పుట్టి 1982లో విడుదలైన 'స్వర్ణ' వరి తూర్పు రాష్ట్రముల వరకు వ్యాపించినది. బాపట్లలో పుట్టి 1986లో వెలువడిన 'సాంబ మసూరి' మన భోజనమునకే కొత్త రుచి తెచ్చినది. గోధుమ పరిశోధనలోను, 1986 నాటి నూనెగింజల ఉద్యమములోను మన డాక్టరు మంగిన వెంకటేశ్వరరావు గారు చేసిన సేవ దేశమెరిగినది. కన్నును చిట్టాయును కలిసిననాడు ఎట్టి మేలు కలుగునో వీనివలన తెలియుచున్నది.

చదువు – ప్రవేశము

వ్యవసాయ పట్టవిద్య నాలుగు సంవత్సరములు. నేల, ఎరువు, విత్తనము, పురుగు, తెగులు, తోటలు, నీటిపారుదల, యంత్రములు, వ్యవసాయార్థశాస్త్రము, విస్తరణ – ఇన్నియు అందు గలవు. చివరి సంవత్సరమున విద్యార్థి గ్రామమునకు పోయి రైతులతో కలిసి పనిచేయవలెను. మాకు ఈ నియమమే అన్నింటికంటె విలువైనదిగా తోచుచున్నది. పన్నెండవ తరగతిలో భౌతిక, రసాయన శాస్త్రములతోబాటు జీవశాస్త్రము గాని గణితము గాని చదివినవారు మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష వ్రాయుదురు. పదవ తరగతి పిదప చేరదగిన డిప్లమా పాఠశాలలును గలవు. మన జిల్లాలో మూల్ వద్ద ప్రభుత్వ కళాశాలయు, బాబా ఆమ్టే గారి మహారోగి సేవా సమితి వరోరాలో నడుపు ఆనందనికేతన్ వ్యవసాయ కళాశాలయు, పొరుగున గడ్చిరోలిలో మరియొక కళాశాలయు ఉన్నవి. పశువైద్యము చదువదలచినవారికి నాగపురమున వేరు కళాశాల యున్నది. దానికి ప్రవేశ విధానమును వేరు.

తలిదండ్రులు రెండు మూడు సంగతులు ముందుగా విచారించుకొనవలెను. భూమి గల రైతుబిడ్డలకును, వ్యవసాయ కూలీల బిడ్డలకును మహారాష్ట్రలో ప్రవేశమున కొంత అదనపు ప్రాముఖ్యము గలదు. కనుక స్వగ్రామమున ఏ మూలనో వాటా భూమి యున్న కుటుంబములు తమ సాత్‌బారా పత్రము ఎవరి పేర నున్నదో చూచుకొనుట మంచిది. తెలుగు రాష్ట్రములలో చదివింపదలచిన వారు స్థానికత నియమములను ముందే తెలిసికొనవలెను. జాతీయ వ్యవసాయ పరిశోధనా మండలి వారి కోటా ద్వారా ఇతర రాష్ట్రములలో చేరు మార్గమును గలదు. ప్రైవేటు కళాశాలయైనచో దానికి ఏ విద్యాపీఠము గుర్తింపు గలదో, పొలము ఎంత యున్నదో కన్నులార చూచి రుసుము కట్టవలెను.

వృత్తులు

ఈ చదువునకు ఉద్యోగము లేదను మాట సరి కాదు. అందరికిని ప్రభుత్వోద్యోగమే లభించుననుటయు సరి కాదు. గ్రామస్థాయిలో పదవులు గలవు. రాష్ట్ర లోకసేవా సంఘము నడుపు వ్యవసాయ సేవా పరీక్షలో నెగ్గినవారు తాలూకా, జిల్లా అధికారులగుదురు. బ్యాంకులు వ్యవసాయ క్షేత్రాధికారులను ప్రత్యేక పరీక్ష ద్వారా తీసికొనుచున్నవి. 1982లో నెలకొన్న నాబార్డునందును వీరికి అవకాశము గలదు. అకోలాలోని మహారాష్ట్ర విత్తన సంస్థ 'మహాబీజ్', హైదరాబాదు పరిసరముల విత్తన కంపెనీలు, ఎరువుల సంస్థలు వీరిని కోరుచున్నవి. పై చదువులు చదివి పరిశోధకులు కాదలచిన వారికి నాగపురముననే కేంద్రీయ పత్తి పరిశోధనా సంస్థయు, నిమ్మజాతి ఫలముల పరిశోధనాలయమును, నేలల పరిశీలనా సంస్థయు ఉన్నవి. భారత అటవీ సేవకు సైతము వ్యవసాయ పట్టభద్రులు అర్హులు. అడవులు నిండిన మన సీమవారికి ఇది గుర్తుంచుకొనదగినది.

స్వయముగా నిలువదలచిన వారికి 2002లో ప్రారంభమైన వ్యవసాయ చికిత్సాలయముల పథకము గలదు. హైదరాబాదులోని 'మేనేజ్' సంస్థ దానికి శిక్షణ వ్యవహారములు చూచుచున్నది. మట్టి పరీక్ష, విత్తనశుద్ధి, నారుమళ్లు, పనిముట్ల అద్దె – ఇవి యన్నియు బ్రతుకుతెరువులే. విత్తనములు, ఎరువులు, పురుగుమందులు అమ్ము దుకాణము కూడ బాధ్యత గల వృత్తియే. 2017లో మన పొరుగు యవత్‌మాళ్ జిల్లాలో పత్తిచేలపై మందు చల్లుచు విషవాయువు పీల్చి పలువురు రైతులును కూలీలును మరణించిరి. ఏ మందు దేనితో కలుపరాదో, ఏ వేళ చల్లరాదో, ముఖమునకు ఏమి కట్టుకొనవలెనో చెప్పు మనిషి దుకాణమున నుండుట ప్రాణములతో కూడిన పని. నేడు పురుగుమందులు అమ్మువారికి విద్యార్హత నిర్ణయింపబడుటకు కారణము ఇట్టిదే.

మన కర్తవ్యము

ఇందు మన పిల్లలకు ఒక ప్రత్యేక సౌలభ్యము గలదు. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, బజారున హిందీ, కళాశాలలో ఇంగ్లీషు – నాలుగు భాషలు వారికి సహజముగా అబ్బుచున్నవి. సిరోంచ రైతు తెలుగున మాటాడును. వాని ప్రభుత్వ పత్రము మరాఠీలో నుండును. వాని పురుగుమందు సీసాపై అక్షరములు చదువుటయే కష్టము. మిరపకాయ కోతలకై ఈవలి కూలీలు ఏటేటా తెలంగాణమునకు పోవుచున్నారు, ఆవలి విత్తనములు ఈవలకు వచ్చుచున్నవి. ఈ రెండు సీమల నడుమ మాట చేరవేయగల వ్యవసాయ పట్టభద్రుడు గాని పట్టభద్రురాలు గాని మన యిండ్ల నుండి రాక మరెచ్చటి నుండి రాగలరు? మన పూర్వులు ఇచ్చటకు రెండు చేతులతో వచ్చిరి. మన మనుమలు రెండు భాషలతో ఆ ఋణము తీర్పగలరు.

వైద్యవిద్యలో స్థానము రానివాడు చేరు చదువు ఇది యను చులకన భావము మన యిండ్లలో ముందు పోవలెను. ఆడపిల్లకు పొలము పని తగదను మాటయు అట్టిదే. వరినాటు నాటినదియు, కలుపు తీసినదియు, విత్తనము కుండలో దాచినదియు మన అమ్మమ్మలే గదా! చేయువారు స్త్రీలైనప్పుడు చెప్పువారు స్త్రీలైన మరింత మేలు.

సంఘమునకు ఒక మనవి. కరీంనగరము నుండియు, సిరోంచ నుండియు, రాజురా నుండియు వచ్చిన వృద్ధులు మన మధ్య ఇంకను గలరు. వారు ఎరిగిన పాత వడ్ల పేర్లు, జొన్న రకములు, ఏ కార్తెలో ఏమి విత్తినది, ఏ చెరువు క్రింద ఏది పండినది – వీనిని మన విద్యార్థులు వేసవి సెలవులలో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ప్రతి పుటలో చెప్పినవారి పేరు, ఊరు, తేదీ ఉండవలెను. ఆ పుస్తకము పూర్తియైన దినమున మన సంఘ గ్రంథాలయమున ఒక ప్రతి నుంచి, మరియొక ప్రతిని సిందేవాహి కేంద్రమునకు పంపవలెను. చెప్పినవారి పేరు మాత్రము ఏ ప్రతినుండియు తొలగిపోరాదు.